గిది ఎవలు అడుగుతుండ్రు?

పోయిన వారం మధ్యాహ్నం కరెంటు పోయింది. ఎండాకాలం గాలిదుమారానికి కరీంనగర్‌లో కరెంటు పోవడం వింతేమీ కాదు. వింతంతా నా కాళ్లది. ఫ్యాను ఆగడం చెవిన పడీ పడకముందే, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగడం మొదలుపెట్టాను. సగం మెట్లు దిగేసరికి కింద వాకిట్లో మినుములు చెరుగుతున్న చిన్నమ్మ తలెత్తి చూసింది.

"ఏడికి సారూ ఉరుకుతున్నవ్? ఇగ కరెంటు పోతే మనకేం ఫికర్ ఉన్నది?" అంది.

అక్కడే మెట్టు మీద కూలబడ్డాను. ఆమె భర్త చనిపోయి నాలుగు నెలలవుతోంది. వాళ్లింట్లో పై వాటాలో నేను అద్దెకుంటాను. చుట్టరికమేమీ లేదు గానీ ఆయనను కాకా అని, ఆమెను చిన్నమ్మ అని పిలవడం అలవాటైపోయింది. రెండేళ్లకు పైగా, కరెంటు పోయిందంటే చాలు, నాకు ఒకటే పని. కిందికి పరుగెత్తి, కూతపెడుతున్న ఆక్సిజన్ మిషన్ నుంచి గొట్టం ఊడదీసి, మూలనున్న సిలిండర్‌కు తగిలించాలి. చిన్నమ్మ చేతులు వణికేవి, ఆ పని ఆమె వల్ల అయ్యేది కాదు. ఆ మిషన్‌ను బంధువులెవరో తీసుకుపోయారు, సిలిండర్ వెనక్కి వెళ్లిపోయింది. నా కాళ్లకు మాత్రం ఇంకా కబురు అందలేదు.

కాక బొగ్గుగనిలో సర్దారుగా పనిచేసి రిటైరయ్యాడు. షిఫ్టు మొదలయ్యేటప్పుడు అందరికంటే ముందు లోపలికి పోయి, పొడుగాటి కర్రతో పైకప్పును కొట్టి, ఆ శబ్దం వినడం ఆయన చేసిన పనుల్లో ఒకటి. గట్టిగా పలికితే లోపలికి రమ్మనాలి. డొల్లగా మోగితే ఎంత పెద్ద ఆఫీసరు తొందరపెట్టినా ఆపేయాలి. "నేను మంచిగున్నదంటే పన్నెండు మంది నా ఎనక వస్తరు సారూ. ఎవ్వడు మల్ల కొట్టి చూస్కోడు," అనేవాడు. ఈ మాట నాకు కనీసం యాభైసార్లు చెప్పి ఉంటాడు. చెప్పిన ప్రతిసారీ నేను ఫోన్ చూసుకుంటూ ఊఁ కొట్టేవాణ్ణి.

ఆ కర్ర అలవాటు ఇంటికి కూడా వచ్చింది. నన్ను పిలవాలంటే ఫోన్ చేసేవాడు కాదు. బూజుకర్ర తీసుకుని తన పైకప్పును, అంటే నా నేలను, రెండుసార్లు కొట్టేవాడు. నేను దిగి వెళ్లేసరికి మంచం మీద కూర్చుని, ముక్కు గొట్టం చెవుల మీదుగా సర్దుకుంటూ, "పన్ల ఉన్నవా?" అనేవాడు. పనిలో ఉన్నానని చెబితే "అయితే జర కూసో" అనేవాడు. లేనని చెప్పినా అదే మాట.

దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లో ఎన్నేళ్లు పేరుకుందో గానీ, నేను ఆ ఇంట్లో చేరిన మొదటి ఏడాదే డాక్టరు మిషన్ పెట్టుకోమన్నాడు. యాభై అడుగుల గొట్టం. దాంతో వంటింటి దాకా, ఇటు గేటు దాకా రావచ్చు. గేటు గడియ తీయగలడు, అవతల అడుగు పెట్టలేడు. నడిచేటప్పుడు గొట్టాన్ని చుట్టలు చుట్టి, ధోవతి కుచ్చెళ్లు ఎత్తి పట్టుకున్నట్టు ఎడమచేత్తో పట్టుకునేవాడు. చూసిన వాళ్లెవరైనా జాలిపడితే మండిపడేవాడు. "ఏంది గట్ల జూస్తవ్? పానం మంచిగనే ఉన్నది. గాలి జర మిషన్ల నుంచి వస్తుంది, అంతే," అనేవాడు.

అప్పటికి నా పరిస్థితి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. పదహారేళ్లు ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పాను. ఆ కాలేజీ మూతపడింది. జగిత్యాల దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీ వాళ్లు రమ్మన్నారు గానీ, పగలు పాఠం చెప్పి రాత్రి హాస్టల్లో పిల్లలకు కాపలా పడుకోవాలి. నెలకు రెండు రోజులే ఇంటికి. అంతకు ముందే వేరే చోట అలా ఆరేళ్లు చేసి వచ్చినవాణ్ణి, ఇంకోసారి ఆ ఇనుప మంచం ఎక్కే ఓపిక నాలో లేదు. అప్పుడు ఎవరో చెప్పారు: ఏదో ఒక రకం వస్తువుల గురించి వెబ్‌సైట్ పెట్టు, తెలుగులో రాయి, చదివినవాళ్లు నీ లింకు నొక్కి కొంటే నీకు కమీషన్ వస్తుంది అని. సైట్ నడిస్తే ఇంటి పట్టున ఉంటాను. నడవకపోతే ఏడాది తిరిగేసరికి జగిత్యాల. నా భార్యకు ఇచ్చిన మాట అది.

ఏ వస్తువుల మీద సైట్ పెట్టాలన్నది తేల్చడమే అసలు తలనొప్పి. జనం గూగుల్లో ఏ మాటలు కొడుతున్నారో, నెలకు ఎంతమంది కొడుతున్నారో, ఆ మాటకు ఇప్పటికే ఎన్ని పెద్ద సైట్లు అడ్డం ఉన్నాయో చూపించే టూల్స్ ఉంటాయి. దాన్నే కీవర్డ్ రీసెర్చ్ అంటారు. అడిగేవాళ్లు ఎక్కువుండాలి, చెప్పేవాళ్లు తక్కువుండాలి. వినడానికి సులభంగానే ఉంటుంది. నేను మాత్రం లాప్‌టాప్ ముందు కూర్చుని కళ్లు కాయలు కాసేలా వెతుకుతున్నాను. ఒకరోజు కాక కర్రతో కొట్టి పిలిచి, ఏం పని చేస్తున్నావని అడిగాడు. అంతా చెప్పాను.

"అంటే అడ్తి దందా అన్నట్టు. సరుకు మనది కాదు, కొనేటోడు మనోడు కాదు, నడుమ మనం," అన్నాడు.

నేను అరగంటసేపు చెప్పిన దాన్ని ఆయన మార్కెట్ యార్డు భాషలో ఒక్క ముక్కలో తేల్చేశాడు.

మర్నాటి నుంచి లాప్‌టాప్ కింది వాటాకు మారింది. నేను టూల్లో వచ్చిన మాటలు చదవడం, ఆయన పాత క్యాలెండర్ కాగితాల వెనక రాయడం. చదువు ఏడో తరగతి, అక్షరాలు మాత్రం ముత్యాలు. నేను "మిక్సీ ఏది మంచిది" అని చదివితే వెంటనే రాసేవాడు కాదు. కలం ఎత్తి పట్టుకుని, "గిది ఎవలు అడుగుతుండ్రు?" అనేవాడు.

"ఎవరైనా అడగొచ్చు కాకా."

"ఎవలైన అంటే ఎట్ల? కొత్తగ పెండ్లయిన పిల్లనా, మిక్సీ కాలిపోయిన ఇల్లాలా? ఒగలికి అగ్గువది గావాలె, ఒగలికి కాలనిది గావాలె. ఇద్దరికి ఒకటే జవాబు చెప్తవా?"

మొదట్లో చిరాకేసేది. ఈ లెక్కన రోజుకు పది మాటలు కూడా తెమలవు. కుక్కల తిండి, పొలానికి మందుకొట్టే పంపులు, వ్యాయామం సామాన్లు, అన్నీ ఆ మంచం పక్కనే పుట్టి అక్కడే పోయాయి. కుక్కల తిండి దగ్గర ఆయన గంటసేపు నవ్వాడు. నవ్వితే దగ్గు, దగ్గితే ఆయాసం, చిన్నమ్మ వంటింట్లోంచి నన్ను తిట్టడం.

చివరికి కూలర్లు ఖాయం చేశాం. అది పూర్తిగా ఆయన ఎంపిక. గనుల దగ్గర క్వార్టర్లలో ఎండ ఎలా ఉంటుందో, ఇనుప డబ్బా కూలర్‌కు గడ్డి ఎలా కట్టాలో, నీళ్ల మోటరు ఎంత ఎత్తులో పెట్టాలో ఆయనకు కొట్టిన పిండి. మార్చి వచ్చిందంటే ఆ మాటలు అడిగేవాళ్లు టూల్లో కుప్పలు తెప్పలు. ఆయన చెప్పాడు, నేను రాశాను. ఇరవై పేజీలు. జనం వచ్చారు, చదివారు, మెచ్చుకున్నారు. ఏప్రిల్లో హుస్నాబాద్ నుంచి ఒకాయన కామెంట్ పెట్టాడు: "మీరు చెప్పినట్టే మా దగ్గర వెల్డింగ్ షాపుల చేపిచ్చిన. మస్తు సల్లగ వస్తుంది. మీకు పుణ్యముంటది."

అప్పుడు నాకు వెలిగింది. మా ప్రాంతంలో కూలరంటే ఇనుప డబ్బా, అది ఇనుప దుకాణంలో చేయిస్తారు. ఆన్‌లైన్లో అమ్మేది ప్లాస్టిక్ కూలర్. మేం ఇరవై పేజీలు రాసింది ఆన్‌లైన్లో దొరకని వస్తువు గురించి! ఎండాకాలం పొడుగునా జనం మా పేజీలు చదివి నేరుగా వెల్డింగ్ షాపుకు నడిచారు. మా లింకులు నొక్కిన పాపాన పోలేదు. ఆ మాట కాకతో చెబితే ఆయన నా వంక అదోలా చూశాడు.

"సల్లగ వస్తుందన్నడు గదా?" అన్నాడు.

"కమీషన్ రాలేదు కాకా."

"అది సరే. సల్లగైతే వస్తుంది గదా."

ఆయన ఆ కామెంట్ చిన్నమ్మకు రెండుసార్లు చదివి వినిపించాడు. నేను పైకి వచ్చి, జగిత్యాల వాళ్ల నంబరు ఫోన్లో ఉందో లేదో చూసుకున్నాను.

ఏడాదిలో నాలుగు నెలలే మిగిలాయి. ఒకనాడు ఏమీ తోచక, ఆయన మంచం పక్కన గురగురమంటున్న మిషన్ వైపు చూస్తూ, దాని పేరే టూల్లో కొట్టాను. అడిగేవాళ్లు ఉన్నారు. ఖరీదైన సరుకు కాబట్టి కమీషన్ కూడా బాగానే ఉంది. తెలుగులో రాసినవి నాలుగే సైట్లు, నాలుగూ మిషన్ను కళ్లతో చూడనివాళ్లు రాసినవని మొదటి పేరాలోనే తెలిసిపోతుంది. ఎనిమిది నెలలుగా మేం ఊరంతా వెతుకుతున్నది ఈ గదిలోనే కూర్చుని ఉంది. ఆ ఊపులోనే, దీని మీదే సైట్ పెడదామని చెప్పేశాను.

కాక కలం కింద పెట్టాడు.

"నా దమ్ము అమ్ముకుందామంటవా సారూ?"

లాప్‌టాప్ మూశాను. తలుపు దాకా వచ్చాను, ఆయన మళ్లీ పిలవలేదు. మూడు రోజులు కర్ర చప్పుడు లేదు. నాలుగో రోజు పొద్దున రెండు దెబ్బలు వినిపించాయి. దిగేసరికి క్యాలెండర్ కాగితం నిండా రాసి ఉంది. కరెంటు పోతే ఏం జేయాలె. గొట్టం ఎన్ని దినాలకు మార్చాలె. ముక్కుల పుండు పడితే ఎట్ల. పక్కన పండేటోళ్లకు నిద్ర పట్టకపోతే ఎట్ల. మనుమడు గొట్టం పట్టి గుంజితే ఎట్ల. అన్నీ ప్రశ్నలే. టూల్లో వీటిలో సగం కనిపించవు.

"గివి ఎవలు అడుగుతుండ్రు కాకా?" అన్నాను, ఆయన మాట ఆయనకే అప్పజెబుతూ.

"నాలాంటోడు. ఎవ్వలనడుగుతడు? డాక్టర్‌కు టైముండదు. పిల్లలు పరేషానయితరు," అన్నాడు. తర్వాత ఒక షరతు పెట్టాడు. ఏ మిషన్ మంచిదో తనే చెప్పాలి, తను వాడిందే ముందు పెట్టాలి, దాని కింద తన పేరు వేయాలి. "పేరు లేకుంట చెప్తే ఎవలు నమ్ముతరు?"

అలా కొత్త సైట్ మొదలైంది. పైన ఆయన పేరు, దాని కింద "ఏడాదిగా ఈ మిషన్ మీద బతుకుతున్న మనిషి చెబుతున్న మాట" అని నేను రాసిన వాక్యం. మొదటి స్థానంలో ఆయన వాడే మిషన్. దాని గురించి ఆయన చెప్పింది అక్షరం మార్చకుండా పెట్టాను: "ఇది బరువు. సప్పుడెక్కువ. చూడ సక్కగుండదు. కరాబైతే మాత్రం మనిషి ఇంటికొచ్చి బాగు చేస్తడు." నాలుగో నెల తిరిగేసరికి సైట్ నిలబడింది. జగిత్యాల వాళ్లకు రానని చెప్పేశాను. ఆ రోజు నా భార్య సేమ్యా పాయసం చేసి కిందికి పంపింది. కాక గిన్నె ఊడ్చుకు తిన్నాడు.

పొద్దున లేవగానే ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసుకుని తన పేజీ తనే చదువుకోవడం ఆయనకు పేపరు చదవడం కింద లెక్క. కామెంట్లకు జవాబులు నాతో రాయించేవాడు. రామగుండం నుంచి ఒకాయన, నిర్మల్ నుంచి ఒక ఆడమనిషి, బెల్లంపల్లి నుంచి తనలాంటి గనిమనిషి ఒకడు. "వీడు అడిగింది గొట్టం గురించి గానీ, వీనికి భయమైతుంది. పది మాటలు ఎక్కువ రాయి," అనేవాడు. గేటు దాటి అడుగు పెట్టలేని మనిషికి మళ్లీ వెనక పన్నెండు మంది దొరికారు.

ఇక నేను చేసింది చెప్పాలి. చెప్పబుద్ధి కావడం లేదు.

ఆ బరువు మిషన్ మీద మాకిచ్చే కమీషన్ ఒక్కసారిగా కోసేశారు. అదే సమయానికి ఇంకో తేలిక మిషన్ వచ్చింది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కమీషన్ మూడింతలు. దాన్ని నేను చూడలేదు, ముట్టుకోలేదు. మళ్లీ జగిత్యాల ఇనుప మంచం కళ్లముందు కనిపించింది. ఒక మధ్యాహ్నం పైన కూర్చుని, మొదటి స్థానంలో ఉన్నదాన్ని రెండోదిగా, తేలికదాన్ని మొదటిదిగా మార్చాను. ఐదు నిమిషాల పని. పైన ఆయన పేరు అలాగే ఉంది. ఆయన వాక్యాన్ని కొంచెం సవరించి తేలికదాని కింద అతికించాను. ఆయన అప్పటికి జ్వరమొచ్చి ఆసుపత్రిలో ఉన్నాడు. తిరిగొచ్చాక కూడా నీరసంగా ఉండి పేజీ తెరవడం మానేశాడు. చెబుదామనుకుంటూనే నెలలు గడిపేశాను. ఒకసారి మొదలైనాక చెప్పకపోవడం ఎంత సులువో నాకు అప్పుడే తెలిసింది.

ఒక పొద్దున కర్ర చప్పుడు లేదు. మధ్యాహ్నం చిన్నమ్మ పైకి వచ్చి, "గాయన పిలుస్తుండు" అంది. దిగి వెళితే ఫోన్ నా చేతికిచ్చాడు. ఆదిలాబాద్ నుంచి ఒక అమ్మాయి కామెంట్. "కాకా, మా బాపు పత్తి జిన్నింగ్ మిల్లుల చేసిండు. మీరు మంచిగున్నదన్నరని అదే మిషన్ కొన్నం. నాలుగు నెలలకే బంద్ పడ్డది. కంపెనోళ్లకు ఫోన్ చేస్తే మీ దిక్కు మనిషి లేడంటుండ్రు. మీ మిషన్ ఆగితే ఎవలు బాగు చేస్తరు కాకా, గాయన నంబరియ్యుండ్రి."

కాక అప్పటికే ఆ అమ్మాయికి తన ఫోన్ నంబరు పెట్టి మాట్లాడాడట. సిలిండర్ ఎక్కడ దొరుకుతుందో, దానికి గొట్టం ఎలా తగిలించాలో ఫోన్లో చెప్పి, ఆమె తగిలించేదాకా లైన్లోనే ఉన్నాడట. ఇవన్నీ చిన్నమ్మ చెప్పింది. ఆయన అడిగింది వేరు.

"గా మిషన్ నువ్వు చూసినవా?"

"లేదు కాకా."

"నేను చూసిన్నా?"

"లేదు."

"మరి మంచిగున్నదని ఎవలు చెప్పిండ్రు?"

కమీషన్ సంగతి చెప్పాను, జగిత్యాల సంగతి చెప్పాను. ఆయన కోపంగా వింటే బాగుండేది. మిషన్ మీద అరచెయ్యి వేసి, దాని వణుకు చూస్తున్నట్టు తల వంచుకుని విన్నాడు.

"ఇప్పుడే మార్చేస్తాను కాకా. మళ్లా మనదే ముందు పెడతాను."

"వద్దు. నీకు ఇల్లు గడవాలె, నాకెరుకే. నీకేది అక్కరొస్తే అది పెట్టుకో." ముక్కు గొట్టం సర్దుకున్నాడు. "నా పేరు తీసెయ్యి సారూ."

"కాకా..."

"నా ముంగటనే తీసెయ్యి."

లాప్‌టాప్ తెచ్చి ఆయన మంచం మీదే కూర్చుని తీసేశాను. పేజీ మళ్లీ తెరిచి చూపించమన్నాడు. చూపించాను. అద్దాలు పెట్టుకుని పైనుంచి కిందిదాకా చూసుకున్నాడు. "ఇగ మంచిగున్నది," అని, చిన్నమ్మను చాయ్ పెట్టమన్నాడు. నాకూ పోయించాడు.

తర్వాత ఏడు నెలలు బతికాడు. నాతో మాట్లాడడం మానలేదు. వానల గురించి, పత్తి గురించి, చిన్నమ్మ మోకాళ్ల గురించి మాట్లాడేవాడు. కరెంటు పోతే నేను పరుగెత్తేవాణ్ణి, గొట్టం మార్చేవాణ్ణి, "సల్లగుండు సారూ" అనేవాడు. "గిది ఎవలు అడుగుతుండ్రు" అన్న ఆ ఒక్క ప్రశ్న మాత్రం మళ్లీ ఎప్పుడూ అడగలేదు. నేనే కావాలని ఒకటి రెండుసార్లు టూల్లో మాటలు పైకి చదివాను. కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు.

ఆయన పోయిన పదకొండో రోజు తర్వాత మిషన్ల వరుస మళ్లీ మొదటిలా మార్చాను. రాబడి సగానికి పడింది. ఫరవాలేదు, సాయంత్రాలు ట్యూషన్లు చెబుతున్నాను. మొదటి స్థానంలో ఆ బరువు మిషనే ఉంది, దాని కింద ఆయన మాటలే ఉన్నాయి. ఎవరన్నారో మాత్రం లేదు.

పోయిన వారం కరెంటు పోయినప్పుడు మెట్టు మీద కూర్చునే చిన్నమ్మను అడిగాను, కాక పేరు మళ్లీ పెట్టనా అని. ఇప్పుడు పేజీ అంతా ఆయన చెప్పినట్టే ఉందని, ఒక్క ముక్క కూడా అబద్ధం లేదని చెప్పాను. ఆమె చేట ఆపి, నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు.

"నన్నడుగుతవేంది సారూ? తీసెయ్యమన్నది నేనా?" అంది.

మళ్లీ మినుములు చెరగడంలో పడింది. నేను పైకి వచ్చేశాను. ఇంత రాసినా ఇందులో ఎక్కడా ఆయన పేరు పెట్టలేదు. పెట్టమని చెప్పవలసినవాడు లేడు.